గోరింట పొదలో పిగిలిపిట్టలు

పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో ఎండాకాలం వచ్చేసరికి ఎలిజబెత్‌కు అయిదో నెల. అంతకు ముందు రెండుసార్లూ కడుపు ఆ అయిదో నెల దాటి నిలవలేదు. అందుకని డాక్టరమ్మ ఈసారి ముందే గట్టిగా చెప్పింది, మరీ అవసరమైతే తప్ప మంచం దిగొద్దని.

గుణదలలో ఏలూరు కాలవకు దగ్గరగా వాళ్ళ పెంకుటిల్లు. భర్త అంతోని ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేసేవాడు. పొద్దున సైకిలెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రాక. ఇంట్లో ఉండేది అత్తగారు సంపూర్ణమ్మ. లోపల గాలి ఆడదని కోడలికి వెనక వసారాలో నులకమంచం వేసింది. అక్కడ పడుకుంటే పెరడంతా కనిపించేది. బావి, బొప్పాయి చెట్టు, గోడ వారగా దట్టంగా పెరిగిన గోరింట.

చేసేందుకు ఏమీ లేక ఎలిజబెత్ రోజంతా తన కడుపునే కనిపెట్టుకుని ఉండేది. బిడ్డ కదిలితే ఎందుకు కదిలిందోనని దిగులు. కదలకపోతే ఇంకా దిగులు. నడుము కొంచెం లాగినా చెయ్యి కడుపు మీదికి పోయేది. నిద్రలోనూ పక్కకు తిరగడానికి జంకేది.

ఒక మధ్యాహ్నం బావిగట్టు దగ్గర చిన్న గుంటలో నిలిచిన నీళ్ళలో గోరింక ఒకటి దిగి స్నానం చేసింది. రెక్కలు టపటపలాడించి, ఒళ్ళంతా తడుపుకుని, గోడెక్కి ఆరబెట్టుకుంది. అది ఎగిరిపోయాక గానీ ఎలిజబెత్‌కు తెలియలేదు, అంతసేపూ తన భయం తనకు గుర్తు రాలేదని.

ఆ సంగతి ఆ సాయంత్రం భర్తతో చెప్పింది. అంతోని ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మర్నాడు వస్తూ వస్తూ పాత లారీ హెడ్‌లైటు డిప్ప ఒకటి తెచ్చాడు. దాన్ని ఇనప చువ్వకు వెల్డింగు చేయించి, పెరట్లో పాతి, నీళ్ళు పోశాడు. అద్దంలా మెరిసే ఆ డిప్పను చూసి ఒక్క పిట్టా దగ్గరికి రాలేదు.

"మెరుపుకి బెదురుతున్నాయండీ. లోపల కాస్త బురద పుయ్యండి" అంది ఎలిజబెత్.

బురద పూశాక వచ్చాయి. ముందు పిచ్చుకలు, తర్వాత గోరింకలు. నూకలు చల్లిస్తే పావురాలు కూడా దిగాయి. పండిన బొప్పాయిని సగానికి కోసి కొమ్మకు వేలాడదీయిస్తే పిగిలిపిట్టల జంట వచ్చింది. తల మీద నల్లటి కుచ్చు, తోక కింద ఎర్రటి మరక. ఎండ ముదిరేకొద్దీ పెరడు పిట్టలతో నిండిపోయింది.

సంపూర్ణమ్మకు ఇదేమీ నచ్చలేదు.

"నూకలు పోస్తే పిట్టలొకటే వస్తాయా అమ్మాయ్? ఎలకలొస్తాయి. వాటికోసం పాములొస్తాయి. ఒట్టి మనిషివి కూడా కాదు."

"మిగిలినవి సాయంత్రం ఊడ్చేద్దాం అత్తయ్యా."

సంపూర్ణమ్మ సణుక్కుంటూనే ఊడ్చేది. కానీ ఆమె మోకాళ్ళు సహకరించేవి కావు. గోడ వారన పడ్డవి అక్కడే ఉండిపోయేవి.

ఏడో నెలలో పిగిలిపిట్టలు గోరింట పొదలో గూడు కట్టాయి. కొన్నాళ్ళకు పిల్లలు బయటపడ్డాయి. మంచం మీది నుంచి గూడు అంచూ, తల్లి వచ్చినప్పుడల్లా పైకి లేచే మూడు నోళ్ళూ కనిపించేవి. ఎలిజబెత్ పొద్దున లేస్తూనే ముందు అటు చూసేది. రాత్రి ప్రార్థనలో తన బిడ్డతో పాటు వాటినీ తలుచుకునేది. ఆ పిల్లలు గడ్డన పడితే తన బిడ్డా పడుతుందని ఎప్పుడో లోపల ముడి పడిపోయింది. అది ఎవరితోనూ అనలేదు. అయినా అత్తగారు పసిగట్టింది.

"వాటి మీద మనసు పెట్టుకోకమ్మా. పిట్టల బతుకు మన చేతిలో లేదు" అంది ఒకరోజు.

ఆ మాట నిజం కావడానికి వారం కూడా పట్టలేదు. ఒక మిట్టమధ్యాహ్నం సంపూర్ణమ్మ చౌకడిపోకు వెళ్ళింది. ఎలిజబెత్ కునుకులో ఉండగా పిగిలిపిట్టల అరుపు వినిపించింది. రోజూ వినే పలుకు కాదది. కళ్ళు తెరిస్తే గోడ మీద జెర్రిపోతు, గోరింట వైపు తాపీగా పాకుతూ ఉంది.

"రాజ్యలక్ష్మిగారూ" అని కేక వేసింది. పక్కింటి రాజ్యలక్ష్మిగారి రేడియో గట్టిగా మోగుతోంది. మళ్ళీ పిలిచింది. రేడియో మోతే వినిపించింది.

పాము తల కొమ్మల్లోకి దూరింది. రెండు పిట్టలూ దాని మీదికి దూకుతున్నాయి, వెనక్కి ఎగురుతున్నాయి. ఎలిజబెత్ లేచి కూర్చుంది. ఒక కాలు కింద పెట్టింది. దండెం మీద గెడకర్ర ఉంది. అందుకోవాలంటే నాలుగడుగులు వెయ్యాలి. రెండో కాలు కూడా దించబోతుంటే పొత్తికడుపు రాయిలా బిగుసుకుంది.

ఊపిరి బిగపట్టి అట్లాగే ఆగిపోయింది. ఆ బిగువు ఎంతకీ సడలలేదు.

మెల్లగా కాలు పైకి తీసుకుంది. చేతికందిన గ్లాసు విసిరింది. అది బావి దగ్గర పడింది. పళ్ళెం విసిరింది. అది హెడ్‌లైటు డిప్పకు తగిలి ఖంగున మోగింది. రేడియో ఆగింది. గోడ మీద రాజ్యలక్ష్మిగారి తల కనిపించింది.

"పాము. గోరింటలో" అంది ఎలిజబెత్.

"మీరు కదలకండి. నే వస్తున్నా."

రాజ్యలక్ష్మిగారు చీపురుకర్రతో చుట్టూ తిరిగి వచ్చేలోగా రెండు నోళ్ళు మాయమయ్యాయి. ఆవిడ దూరం నుంచే పొదను బాదింది. పాము గోడ దిగి కాలవ వైపు జారిపోయింది. గూడు ఒక పక్కకు ఒరిగింది. అందులో ఇంకా ఏదో కదులుతున్నట్టే ఉంది.

ఎలిజబెత్ అది సరిగా చూడలేకపోయింది. కడుపు మళ్ళీ బిగిసింది.

సంపూర్ణమ్మ బియ్యం సంచీతో వచ్చేసరికి రాజ్యలక్ష్మిగారు రిక్షాను గుమ్మంలోకి పిలిచి ఉంచింది. దారి పొడుగునా ఎలిజబెత్ ఒకటే అంటూ వచ్చింది.

"నూకలు నేనే పోయించాను అత్తయ్యా. పామును నేనే పిలుచుకొచ్చాను."

"మాట్లాడకు. గుంటలొస్తున్నాయి, నన్ను పట్టుకో."

డాక్టరమ్మ సూదిమందు ఇచ్చి, ఆసుపత్రిలోనే ఉంచేసింది. నొప్పులు మధ్యమధ్య వచ్చేవి, తగ్గేవి. ఇంకొక్క నెల ఆగితే బిడ్డ దక్కుతుందన్నారు. ఆ నెల ఎట్లా గడుస్తుందో ఎవరూ చెప్పలేకపోయారు. అంతోని పని మానేసి వరండాలో కూర్చునేవాడు. సంపూర్ణమ్మ ఇంటికి వెళ్ళి గంజి కాచి తెచ్చేది. ఆమె రాగానే ఎలిజబెత్ అడిగేది.

"ఉందా అత్తయ్యా, ఆ పిల్ల?"

"ఉంది."

"తల్లి వస్తోందా?"

"వస్తోంది. గంజి తాగు."

ఒకరోజు "నోరు తెరుస్తోంది" అని చెప్పింది. ఇంకోరోజు "రెక్కలొచ్చాయి" అంది. ఆ మాట విన్నాకే ఎలిజబెత్ గంజి తాగేది, కాసేపు కళ్ళు మూసుకునేది. క్రమంగా నొప్పులు సద్దుమణిగాయి. ఇంటికి పంపుతూ డాక్టరమ్మ ఇంకా జాగ్రత్తగా ఉండమంది.

ఇంటికి రాగానే వసారాలో పడుకుని గోరింట వైపు చూసింది. గూడు అక్కడే ఉంది, వాలిపోయి, ఖాళీగా. పిట్టలు లేవు.

"ఎప్పుడు ఎగిరింది అత్తయ్యా?"

సంపూర్ణమ్మ కూజాలో నీళ్ళు నింపింది. తర్వాత వచ్చి మంచం పక్కన పీట మీద కూర్చుంది.

"నేను చూళ్ళేదమ్మా. ఒక్కరోజు కూడా అటెళ్ళి చూళ్ళేదు."

ఎలిజబెత్‌కు వెంటనే అర్థం కాలేదు.

"మరి రోజూ ఉందని..."

"ఎళ్ళి చూస్తే లేకపోతే? లేదని నీకెట్లా చెప్పను? నాకు నేనెట్లా చెప్పుకోను?" కొంగుతో మొహం తుడుచుకుంది. "నీకు మనసు పెట్టుకోకని చెప్పి, నేనూ పెట్టుకున్నాను. బావి దగ్గరికెళ్ళినా అటు తల తిప్పేదాన్ని కాదు."

ఆ పిల్ల ఎగిరిందో, పాము మళ్ళీ వచ్చిందో, ఆ తర్వాత కూడా ఎవరికీ తెలియలేదు. ఎలిజబెత్‌కు కోపం రాలేదు. తనొక్కతే భయపడుతోందని ఇన్నాళ్ళూ అనుకుంది. చెయ్యి చాచి అత్తగారి చేతిని పట్టుకుంది.

జూలైలో, తొలివానల్లో ఆడపిల్ల పుట్టింది. నెల తక్కువ పిల్ల, బాగా చిన్నది, ఏడుపు కూడా పిల్లికూనలా సన్నగా ఉండేది. పాలు తాగుతూ తాగుతూ నిద్రపోయేది. ఆ నిద్ర ఎలిజబెత్‌కు కొత్త భయమైంది.

"ఊపిరి పీలుస్తోందా అత్తయ్యా?"

సంపూర్ణమ్మ ఎంత పనిలో ఉన్నా వచ్చేది. ఉయ్యాల మీదికి వంగి, పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి, అది చాలదన్నట్టు చెవి కూడా ఆనించి, తీరిగ్గా వినేది. అంతసేపూ ఎలిజబెత్ ఆమె మొహంలోకే చూస్తూ ఉండేది.

"పీలుస్తోంది" అనేది సంపూర్ణమ్మ. "చూసే చెబుతున్నా."