ఇరవై నాలుగో పేజీ

యాదమ్మ కథ చెప్పనిదే ఏ పుస్తకమూ అచ్చుకు పోకూడదని నియమం పెట్టింది నీలా.

యాదమ్మకు చదువు రాదు. పెన్‌పహాడ్ అవతలి ఊళ్ళో గొర్రెలు కాసుకునే మనిషి. ఒక్క అక్షరం లేకుండా బొమ్మలు మాత్రం ఆమె ముందు పెడితే, వాటిని చూసుకుంటూ తనకు తోచిన కథ చెప్పేది. ఆ కథ నీలా తండ్రి రాసినదానితో కలిస్తే సరే. కలవకపోతే తప్పు బొమ్మదే. నీలా మారుమాట లేకుండా మళ్ళీ గీసేది. సూర్యాపేటలో ఇంటి ముందుగది నుంచి తండ్రీకూతుళ్ళు తెచ్చిన పదకొండు బొమ్మల పుస్తకాలూ కోదాడ దాకా బడిపిల్లల చేతుల్లోకి పోయాయి. అన్నీ ఆ గొర్రెల దొడ్డి దాటి వచ్చినవే.

పన్నెండోది తండ్రి వీరేశం ఒక్కడే పట్టుకొచ్చాడు.

ఆయన ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కథ రాయడం ఆయన పని, బొమ్మలు వేయడం నీలా పని. వినాయక చవితి తర్వాత వచ్చిన జ్వరం పది రోజుల్లో ఆమెను తీసుకుపోయింది. బల్ల మీద ఇరవై నాలుగు బొమ్మల్లో ఇరవై మూడు పూర్తయి ఉన్నాయి. చివరిది పెన్సిల్ గీతల దగ్గర ఆగింది. ఎవరిచేతనైనా వేయిద్దామని, మిర్యాలగూడలో వాళ్ళ పుస్తకాలు అచ్చువేసే వినోద్ రెండుసార్లు అన్నాడు. వీరేశం ఒప్పుకోలేదు. నీలా పుస్తకంలో పరాయి చెయ్యి పడకూడదు. మూడు నెలలు ఆగి, ఆమె కుంచెలు కడిగి, ఆ బొమ్మకు తనే రంగులు వేశాడు.

యాదమ్మ దొడ్డి ముందు గొంగడి పరిచింది.

"ఏం సారూ, ఒక్కనివే వచ్చినవ్? నీలమ్మ చలికి భయపడ్డదా?"

"ముందు కథ చెప్పు యాదమ్మా."

"చెప్త తీ. పోయిన ఎండకాలం నాలుగు దినాలు ఈ దొడ్లనే కూసున్నది. ఒక్కొక్క గొర్రెను అట్లనే సూసుడు, గీసుడు. మా ఆయన మొకమన్న నేనంత సూడలే ఎన్నడు."

నవ్వుకుంటూ బొమ్మలు తీసింది. పత్తిచేను దగ్గర గొర్రెపిల్ల తప్పిపోయింది. కంపలో ఇరుక్కుంది. మంద కదిలినా తల్లి కదలలేదు. "ఇది మొండిది సారూ. నా దగ్గర గూడ ఉన్నదొకటి." పొద్దు గూకింది. కంప నుంచి బయటపడ్డ పిల్ల మందను వెతుక్కుంటూ పరుగెత్తింది. ఇరవై మూడు బొమ్మలూ తడబాటు లేకుండా చెప్పింది.

చివరిది చేతిలోకి తీసుకుని ఆగిపోయింది.

"ఇది ఎవల పిల్ల?"

"దానిదే."

"కాదు. తల్లి గుర్తువట్టలే."

"ఎదురెదురుగా నిలబడి మొహాలు చూసుకుంటున్నాయి కదా."

"మొకం సూస్తే ఏం తెలుస్తది సారూ? మందల పిల్లలన్నీ ఒక్క తీరే ఉంటయ్. పొదుగు కిందికి దూరినంక, తల్లి ఎన్కకు తిరిగి తోక కాడ వాసన సూస్తది. తనదైతే నిలవడ్తది. కాకపోతే తంతది. నీలమ్మకు నేనే సూపిచ్చిన."

వీరేశానికి పెన్సిల్ గీతలు గుర్తొచ్చాయి. అందులో తల్లికి రెండు తలలు ఉన్నాయి. ఒకటి ముందుకు, పల్చగా. ఒకటి వెనక్కి తిరిగి, ముదురుగా, ముక్కు పిల్ల తోక దగ్గర. వెనక్కి తిరిగినదే పొరపాటున పడ్డ గీత అనుకున్నాడు. చిన్నపిల్లల పుస్తకంలో అది బాగుండదని కూడా అనుకున్నాడు. దాని మీద నల్లరంగు దట్టంగా పూశాడు, రెండుసార్లు. నకలు లేదు. బొమ్మలన్నీ ఒకేసారి తీసుకుపోతే వినోద్ స్కాన్ చేయడం వాళ్ళ అలవాటు.

"ఇది నీలమ్మ ఏసింది కాదు. ఎవల్తోని ఏపిచ్చినవ్?"

"నేనే వేశాను."

"నువ్వెందుకు ఏసినవ్? ఆమెకేమైంది?"

"నీలా లేదు యాదమ్మా. చనిపోయి మూడు నెలలైంది."

యాదమ్మ చేతిలోని కాగితం మెల్లగా గొంగడి మీద పెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దొడ్డిలో గొర్రెలు దగ్గుతున్నాయి.

"కబురన్న పంపకపోతివి," అంది.

"పంపాల్సింది. నావల్ల కాలేదు."

ఆమె బొమ్మలు మళ్ళీ వరుసగా పేర్చుకుని మొదటినుంచి కథ ఎత్తుకుంది. ఈసారి మాటకూ మాటకూ మధ్య ఆగుతూ చెప్పింది. చివరి బొమ్మ వచ్చేసరికి వీరేశం దాన్ని తీసి బోర్లా పెట్టాడు. యాదమ్మ ఆపలేదు. ఆ తెల్లకాగితం మీదే వేలు పెట్టింది.

"తల్లి ఎన్కకు తిరిగింది. తోక కాడ వాసన సూసింది. తన పిల్లనే."

మర్నాడు మిర్యాలగూడలో వినోద్ బొమ్మలు లెక్కపెట్టాడు.

"సార్, ఇరవై మూడే ఉన్నయ్."

"చివరి పేజీ తెల్లగా వదిలెయ్యి. కింద ఈ మాటలు వెయ్యి." ఒక చీటీ ఇచ్చాడు.

"ఒక్క గంటల కంప్యూటర్ మీద గీపిస్త సార్. బొమ్మల పుస్తకంల తెల్లపేజీ ఉంటే ప్రెస్సోని తప్పంటరు. కట్టలు వాపస్ వస్తయ్."

"వస్తే రానీ. తప్పు నాదని చెప్పు."

"మరి ఆఖరి బొమ్మకు మీరు రంగులేస్తున్నరంటిరి?"

"పాడుచేశాను."

వినోద్ తల వంచుకుని పనిలో పడ్డాడు. సాయంత్రానికి ప్రూఫులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. చూసిన ప్రతి పేజీ కిందా వీరేశం సంతకం పెట్టాలి. ఇరవై మూడూ పెట్టాడు. ఇరవై నాలుగోది ముందుకు జరుపుకుని, అడుగున ఉన్న యాదమ్మ మూడు వాక్యాల్నీ చదివాడు.

"తెల్ల పేజీకి సంతకమెందుకు సార్, ఉండనీయండి," అన్నాడు వినోద్.

వీరేశం దానికి కూడా సంతకం పెట్టాడు.