ఏది పడలేదు

గ్లాసులో ఇసబ్‌గోలు పొట్టు వేసి చెంచాతో తిప్పుతున్నాడు కూర్మనాథం. ఆ పొట్టుతో పెద్ద తంటా. తిప్పడం ఆపితే అడుక్కి దిగిపోతుంది, తాగడం ఆలస్యం చేస్తే జిగురుగా గడ్డకట్టి గొంతుకు అడ్డం పడుతుంది. తిప్పుతూ తిప్పుతూనే ఎత్తి గడగడా తాగేయాలి, వెనకే మరో గ్లాసుడు నీళ్ళు. తద్దినం భోజనానికి వెళ్ళేవాడు పొద్దున్నే ఏమీ ముట్టకూడదు. మందుకు మాత్రం దోషం లేదని తనకు తానే తీర్పు చెప్పుకుని చాలా కాలమైంది.

శ్రీకూర్మంలో గుడి వెనక వీధిలో ఉంటాడు అతను. వృత్తి భోక్త. ఎవరింట్లో తద్దినం పెడితే వాళ్ళింటికి వెళ్ళి, పోయినవాళ్ళ స్థానంలో విస్తరి ముందు కూర్చుని తినడం అతని పని. చిన్నప్పుడు వేదం చెప్పుకోవడానికి కూర్చున్నాడు గాని అది ఒంటబట్టలేదు. గుళ్ళో వంతు అన్నగారికి పోయింది. కూర్చుని తినే పనే తనకు మిగిలింది. "నీకేమయ్యా, తిని తాంబూలం పుచ్చుకునే ఉద్యోగం" అని ఎగతాళి చేసినవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. వాళ్ళనొకసారి ఆ పీట మీద కూర్చోబెట్టాలి. భోక్తకు ఇది కావాలని అడిగే హక్కు లేదు. బాగుందనకూడదు, బాగాలేదనకూడదు. అసలు మాట్లాడకూడదు. అన్నిటినీ మించి, మధ్యలో లేవకూడదు. భోక్త లేచాడంటే ఆ పోయినవాళ్ళే ఆకలితో లేచిపోయినట్టు లెక్క.

ఇలాంటి పని చేసుకునేవాడికి దేవుడు నిలకడలేని పొట్టనిచ్చాడు. మనిషి సన్నగా, బుగ్గలు లోపలికి పోయి, ఎముకల మీద తోలు కప్పినట్టుంటాడు. సాయంత్రమయ్యేసరికి ఆ ఎండు ఒంటి మీద పొట్ట ఒక్కటీ చెంబు బోర్లించినట్టు లేస్తుంది. కొన్నాళ్ళు పరుగులు, కొన్నాళ్ళు రెండ్రోజులకీ మూడ్రోజులకీ కదలని మొండితనం. నడుము చుట్టూ మెలిపెట్టే నొప్పి మాత్రం రెంటికీ ఉమ్మడి.

శ్రీకాకుళంలో డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేసి, పుండు లేదు, గడ్డ లేదు, దీన్ని ఐబీఎస్ అంటారు అంది. పేగు ఊరికే ఉలిక్కిపడుతుందట. ప్రాణానికేమీ భయం లేదు, కాని దాంతో జాగ్రత్తగా కాపురం చేయాలి అంది. పీచు పెంచాలంది. ఏది తింటే తిరగబడుతోందో ఒక్కొక్కటే మానేసి కనిపెట్టుకోవాలంది.

పీచు అన్న మాట పట్టుకుంది అతని భార్య బాలసరస్వతి. మర్నాటి నుంచీ అరటిదూట కూర, ముదురు గోరుచిక్కుడు, దంపుడు బియ్యం, తవుడు కలిపిన రొట్టె. వారం తిరక్కుండా కూర్మనాథం కడుపు డోలైపోయింది. మళ్ళీ పరుగెత్తుకెళ్తే డాక్టరమ్మ తల పట్టుకుంది. ఆ గరుకు పీచు కాదమ్మా, నీళ్ళలో నానితే జిగురొచ్చే పీచు, అదీ చెంచాడుతో మొదలెట్టి మెల్లిగా పెంచాలి అని నిదానంగా చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు బాలసరస్వతి దారంతా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. చేతులారా నేనే మీకు నొప్పి పెట్టానండీ అంది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అన్ని మాటలకీ ముందు మాట ఒకటే అయింది. ఏది పడలేదు? నొప్పి రాగానే ఇద్దరూ ఎదురుబొదురుగా కూర్చుని నిన్నటి తిండినీ మొన్నటి తిండినీ తవ్వేవాళ్ళు. కొన్నాళ్ళు పప్పు మానేవాళ్ళు, కొన్నాళ్ళు పెరుగు. చివరికి ముగ్గురు దొంగలు దొరికారు. పాలు, మినుము, పనస. అంటే పరమాన్నం, గారెలు, పనసపొట్టు కూర. తద్దినం విస్తట్లో మొదట వచ్చి కూర్చునేవి అవే. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వలేక నవ్వారు. విస్తట్లో ఎలాగూ తప్పదు, ఇంట్లోనైనా వద్దని ఆ మూడింటినీ గడప దాటనివ్వలేదు బాలసరస్వతి. నువ్వు తినవే అంటే, మీరు చూస్తూంటే నాకు ముద్ద దిగుతుందా అనేది. పిల్లల్లేని ఆ ఇంట్లో కూర్మనాథం పొట్టే చంటిబిడ్డ. రాత్రి పడుకుందా, పొద్దున్న లేచిందా, ఎందుకేడుస్తోంది అని ఇద్దరూ దాన్నే కనిపెట్టుకుని బతికారు.

మొన్న మాఘంలో ఆముదాలవలసలో ఒకరింట్లో కూర్మనాథం మధ్యలో లేచిపోయాడు. ఆపుకోలేకపోయాడు, అంతే. ఆ ఇంటివాళ్ళు ఏమీ అనలేదు. అనకపోయినా మాట ఊరూరా తిరిగింది. పిలుపులు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. ఇవాళ నరసన్నపేటలో తిరుమలరావు మేష్టారింట్లో వాళ్ళమ్మ తద్దినం. ఏళ్ళ తరబడి పిలుస్తున్న ఇల్లు కనక పిలిచారు. ఇవాళ కూడా లేచాడంటే ఇక ఈ చుట్టుపక్కల అతనికి పీట వేసేవాళ్ళుండరు. ఆ భయంతో రాత్రంతా కంటిమీద కునుకు లేదు.

గ్లాసు కడిగి బోర్లించి వెనక్కి తిరిగేసరికి బాలసరస్వతి గోడకు జేరబడి కూర్చుని ఉంది. చెయ్యి గుండెల మీద వేసుకుంది. మెడంతా చెమట. వైశాఖ మాసం, చెమట పట్టనిదెవరికి?

"ఏవిటోనండీ, గుండెల మీద బండ పెట్టినట్టుంది. వీపులోకి లాగుతోంది."

కూర్మనాథం ఎదురుగా బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. ఇన్నాళ్ళకు తనకు తెలిసిన విద్య భార్యకు పనికొచ్చింది. రాత్రి ఏం తిన్నావు అన్నాడు. బీరకాయ, చారు, మజ్జిగ అంది. అంతకు ముందు? ఏమీ లేదంది. బాగా గుర్తు తెచ్చుకో అన్నాడు. ఆమె తలొంచుకుంది. పక్కింటి సుభద్రమ్మ అరుగు మీద కూర్చున్నప్పుడు రెండు పనసతొనలు తిన్నానని, దొంగతనం ఒప్పుకున్నంత సిగ్గుగా చెప్పింది.

"అదీ! దొరికింది" అని తొడ చరుచుకున్నాడు కూర్మనాథం. నా దగ్గరే దాస్తావా అని వేళాకోళం చేశాడు. ఆమె కూడా నవ్వింది. కారణం దొరికితే సగం నొప్పి తగ్గినట్టే ఆ ఇంట్లో. అతను తన డబ్బాలోంచే చెంచాడు పొట్టు తీసి, గ్లాసులో గిరగిరా తిప్పి అందించాడు. ఆమె మొహం చిట్లించుకుని తాగింది. ఇన్నేళ్ళ నుంచీ దీన్ని ఎలా తాగుతున్నారండీ అంది. మూతి తుడుచుకుంటూ ఆమె పైకి చూసిన చూపులో ఏదో అలసట కనబడింది అతనికి.

"పోనీ, మానేయనా ఇవాళ?"

"మీరు వెళ్ళకపోతే మేష్టారి తల్లి పస్తుండిపోదూ? వెళ్ళి రండి. తొనలే కదా, అవే అరుగుతాయి."

దాలయ్య ఆటో వచ్చింది. ఊరు దాటి జాతీయ రహదారి ఎక్కేదాకా దాలయ్య అద్దంలో అతని మొహమే చూస్తున్నాడు. ఈ దారిలో ఏ బంకులో మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుందో, ఏ తోట వెనక కాలవలో నీళ్ళుంటాయో పంతులుగారి పుణ్యాన అతనికి బాగా తెలుసు.

"మొకం అదోలాగున్నాది పంతులుగారూ. బంకు కాడ ఆపీమంటారేటి?"

అక్కర్లేదన్నాడు కూర్మనాథం. అయినా దాలయ్య ఆపాడు, ఎందుకైనా మంచిదని. అది మంచిదే అయింది.

తిరుమలరావు ఇంట్లో నూతి దగ్గర మళ్ళీ స్నానం చేసి, తడిబట్ట పిండి ఆరేసి, మడి కట్టుకుని లోపలికి వెళ్ళాడు. దేవతల స్థానంలో కూర్చునే రెండో భోక్త అప్పటికే పీట మీదున్నాడు. చేతిసంచీ, అందులోని ఫోనూ బయట అరుగు మీదే ఉండిపోయాయి. తిరుమలరావు బడిపంతులుగా చేసి రిటైరైనవాడు, పెద్ద మనిషి. పళ్ళెంలో కూర్మనాథం కాళ్ళు కడిగి, ఆ నీళ్ళు తలమీద జల్లుకుని, "అమ్మా" అన్నాడు. ఈ పూటకు కూర్మనాథం అతనికి అమ్మే. ఆ పిలుపు విన్నప్పుడల్లా కూర్మనాథానికి ఒళ్ళు కుదించుకుపోతుంది. ఈ ఎండు డొక్కలో వాళ్ళమ్మ కూర్చుని తింటోందని ఆ ముసలాయన నిజంగా నమ్ముతాడు. ఆ నమ్మకానికి భయపడే అతను ఇన్నేళ్ళూ ఇన్ని పదార్థాలు మింగాడు.

విస్తరి నిండింది. అరటికాయ, కంద, ఆవపెట్టిన పనసపొట్టు కూర, అల్లప్పచ్చడి, పెసరపప్పు, ఆ పక్కన నూనె మెరుస్తున్న గారెలు. అన్నంలో నెయ్యి పోసుకుని, పప్పుతో ఎక్కువ తిని, మిగతావి కొసరుకొసరుగా తిందామని ఉపాయం వేశాడు. కాని తిరుమలరావు పక్కనే నిలబడ్డాడు. "అమ్మకి గారెలంటే ప్రాణం" అంటూ మరొకటి వేశాడు. కూర్మనాథం దాన్ని అల్లప్పచ్చడిలో ముంచి బాగా నమిలి, మంచినీళ్ళలా చేసి మింగాడు.

పరమాన్నం వచ్చేసరికి బొడ్డు కింద మెలి మొదలైంది. మొదట వేలితో తిప్పినట్టు, తరవాత తడిబట్ట పిండినట్టు. నుదుటి మీద చెమట బొట్లుబొట్లుగా పేరుకుంది. పీట అంచుని ఎడమచేత్తో పట్టుకున్నాడు. లేవకూడదు. లేవకూడదు. బయట అరుగు మీద తన ఫోను మోగింది. ఆగి మళ్ళీ మోగింది. మళ్ళీ మోగింది. తిరుమలరావు కొడుకు భాస్కర్ మడి కట్టుకోలేదు కనక వెళ్ళి దాన్ని ఎత్తాడు.

భాస్కర్ లోపలికొచ్చి తద్దినం పెట్టిస్తున్న పురోహితుడి చెవిలో ఏదో చెప్పాడు. పురోహితుడు కూర్మనాథం వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పుకుని భాస్కర్‌కు ఏదో బదులు చెప్పాడు. తిరుమలరావుకూ సంగతి అందింది. ముగ్గురి మొహాలూ మారిపోవడం కూర్మనాథం కళ్ళారా చూశాడు. తన చెమట చూసి కనిపెట్టేశారు అనుకున్నాడు. ఆముదాలవలస కబురే ఎవరో ఫోను చేసి చెప్పుంటారు, ఇతగాడు లేచిపోతాడు జాగ్రత్త అని. సిగ్గుతో, రోషంతో అతనికి చెవులు వేడెక్కాయి. లేవను, చూడండి అనుకున్నాడు. పళ్ళు బిగించి పరమాన్నం ఆఖరి మెతుకు దాకా తిన్నాడు. తిరుమలరావు మరో గారె వేయబోయి ఆగిపోయాడు. వేయనందుకు కూర్మనాథం మనసులోనే దండం పెట్టుకున్నాడు.

పెరుగన్నం అయింది. తిరుమలరావు చేతులు జోడించి, తృప్తి అయిందా అని మంత్రం ప్రకారం అడిగాడు.

"తృప్తాః స్మః" అన్నాడు కూర్మనాథం గట్టిగా, పక్కనున్న రెండో భోక్త ఉలిక్కిపడేటట్టు. తృప్తి పొందామని ఇంత నిజంగా అతనెప్పుడూ అనలేదు. గెలిచాడు. ఇంటికెళ్ళి బాలసరస్వతికి మొదట ఈ మాటే చెప్పాలి.

చెయ్యి కడుక్కున్నాక భాస్కర్ దగ్గరకొచ్చాడు.

"బాబాయిగారూ, మీ ఇంటి పక్కావిడ ఫోన్ చేశారు. పిన్నిగారు పోయారట."

కూర్మనాథం అతని పెదవుల వంకే చూశాడు.

"ఎప్పుడొచ్చింది ఫోను?"

"పరమాన్నం వడ్డిస్తున్నప్పుడండి."

తిరుమలరావు అతని కాళ్ళ మీద పడిపోయాడు. చెబితే మీకు మైల వచ్చేస్తుంది, మీరు లేచిపోతే అమ్మ సగం విస్తరి దగ్గర ఆగిపోతుంది, విన్నాకే కదా మైల, కానివ్వండి అన్నారు పురోహితులుగారు, క్షమించండి అని ఏడ్చాడు. కూర్మనాథానికి కోపం రాలేదు. ఆ నియమం తనకూ తెలుసు. వాళ్ళ స్థానంలో తనున్నా ఇలాగే నోరు మూసుకునేవాడు. అరుగు మీది చేతిసంచీ తీసుకుని ఆటో వైపు నడిచాడు.

తిరిగొచ్చేటప్పుడు దాలయ్య బంకు దగ్గర అలవాటు కొద్దీ బండి నెమ్మది చేశాడు. పోనీమని కూర్మనాథం చెయ్యి ఊపాడు.

బాలసరస్వతిని నట్టింట్లో చాప మీద పడుకోబెట్టారు. నుదుటి బొట్టు చెమటకు కాస్త జారింది. సుభద్రమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. వీధిలో నలుగురూ చేరారు.

"పనసతొన పడలేదు దానికి" అన్నాడు కూర్మనాథం, గుమ్మంలోనే నిలబడి.

"తొనేటి సేస్తాది బాబూ. గుండె ఆగిపోనాది. డాక్టరుబాబు వొచ్చి సూసి సెప్పినాడు" అంది సుభద్రమ్మ. ముక్కు చీది మళ్ళీ అంది. "నాను గోడ మీంచి సూసినాను బాబూ. నూతి కాడ సేదతో నీలు తోడతన్నాది. ఒంట్లో బాగోలేదన్నావు, కూకోవమ్మా అన్నాను. ఆయనొచ్చీ ఏలకి ఉండాల గదా అన్నాది. రెండోపాలి సూసే తలికి గట్టు మీద ఒరిగిపోయున్నాది."

కూర్మనాథం భార్య పక్కన కూలబడ్డాడు. గుండె అని ఆమె తన నోటితోనే చెప్పింది. గుండెల మీద బండ అంది. తను దాన్ని పొట్ట కింద జమ కట్టాడు. తొడ చరుచుకుని నవ్వాడు. ఇసబ్‌గోలు తాగించి, ఆటో ఎక్కి, ఎవరి తల్లికో కడుపు నింపడానికి వెళ్ళాడు. ఇన్నేళ్ళుగా తన పేగు ప్రతి మూలుగుకూ అర్థం వెతికిన మనిషి ఒక్కసారి, ఒకే ఒక్కసారి తన బాధ చెప్పుకుంటే వినిపించుకోలేకపోయాడు. చెయ్యి ఆమె చేతి మీద వేశాడు. చల్లగా ఉంది. అతనికి ఏడుపు రాలేదు.

వచ్చింది మెలి. నరసన్నపేట నుంచీ బిగబట్టిందంతా ఒక్కసారిగా తిరగబడింది. శవం దగ్గర, అందరి ముందూ, భార్య చెయ్యి వదిలేసి అతను లేచాడు. ఎవరో జబ్బ పట్టుకోబోతే విడిపించుకుని, గోడ పట్టుకుంటూ, వంగిపోయి పెరట్లోకి నడిచాడు.

మరుగుదొడ్డి తలుపు గడియ తీసి వారగా వేసి ఉంది, తడుముకోవలసిన పని లేకుండా. గోడమేకుకు ఉతికిన తువ్వాలు వేలాడుతోంది. కింద, అంచుదాకా నింపిన బకెట్టు, నీళ్ళ మీద కదలకుండా తేలుతున్న మగ్గు.