పాదం మీద గుంట

నాచారం అంగన్‌వాడీలో ఆ రోజు పిల్లల తూకం. విజయశ్రీ మెట్లెక్కి వచ్చి గోడకు ఆనుకుని కాసేపు నిలబడింది. ఉప్పల్ చుట్టుపక్కల కేంద్రాలన్నీ చూసే అధికారి ఆమె. ముప్పై ఏళ్లుగా పిల్లల బరువులు, గుడ్లు, పాలు, ఇదే లోకం. ఇంకో రెండు నెలల్లో రిటైర్మెంటు. మోకాళ్లు ఆ రెండు నెలలు కూడా ఆగేలా లేవు.

"మేడం, ఈసారి మన సెంటర్‌ల బరువు తక్కువున్న ఎర్ర గీత పిల్లలే లేరు," అంటూ టీచరు సూర్యకళ రిజిస్టరు ముందు పెట్టింది. "గౌతమి గూడ పైకొచ్చింది. ఒక్క నెలల కిలో పెరిగింది."

గౌతమికి రెండేళ్లు. తల్లి స్వర్ణలత బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగు పనికి పోతుంది. పిల్లను తెచ్చింది నాయనమ్మ లక్ష్మీనర్సమ్మ.

"బుగ్గలు సూడున్రి మేడం, ఎట్లొచ్చినయో! దిష్టి తగుల్తదని రోజు కాటుక పెడుతున్న," ముసలమ్మ మురిసిపోయింది.

విజయశ్రీ సంతకానికి పెన్ను తీసింది. పిల్ల ఏడవదు, ఆడదు. కూర్చోబెట్టిన చోటే కూర్చుంది. పెన్ను పక్కన పెట్టి, ఆ చిన్న పాదాన్ని బొటనవేలితో నొక్కిపట్టి వదిలింది. గుంట అలాగే ఉండిపోయింది. రెండో పాదమూ అంతే.

"ఇది కండ కాదు సూర్యకళా. తిండి చాలక ఒంటికి నీరు పట్టింది."

"అయ్యో! తూకం పెరిగిందని నేను..."

"నేనూ సంతకం పెట్టబోయానుగా."

ఫోను చేస్తే స్వర్ణలత కంపెనీ టోపీతోనే పరుగెత్తుకొచ్చింది. పిల్లను దవాఖానాలో చేర్చాలనీ, రెండు వారాలు తల్లి పక్కనే ఉండాలనీ విని గుమ్మంలోనే కూలబడింది.

"మూడు దినాలు పోకుంటేనే ఇంకొకల్లని పెట్టుకుంటరు మేడం. పిల్ల లావైందని అత్తమ్మ అంటనే ఉన్నది గదా!"

"నాకేమెరుక? లావైందనే అనుకున్న," అత్త గొణిగింది.

నచ్చజెప్పే మాటలు విజయశ్రీకి కంఠతా వచ్చు. ఇవాళ వాటి జోలికి పోలేదు. స్వర్ణలత చెయ్యి పట్టుకుని పిల్ల పాదం మీద పెట్టింది.

"నువ్వే నొక్కు తల్లీ."

నొక్కింది. వేలు తీసి చూస్తూ ఉండిపోయింది. గుంట ఎంతకీ నిండలేదు. టోపీ తీసి అత్త చేతిలో పెట్టింది.

"కంపెనీల ఇచ్చిరా అత్తమ్మా. సూపర్‌వైజర్ తిడితే జర పడు."

"నేనెందుకు పడత? వానికి రెండు నేనే తగిలిస్త."

ఆటో రాగానే విజయశ్రీ కూడా ఎక్కబోయింది.

"మీకు మీటింగున్నది గదా మేడం?" అంది సూర్యకళ.

"బరువు బాగానే ఉందని ఆసుపత్రిలో ఎవరైనా ఇంటికి పంపేస్తారేమో. పాదం చూపించడానికి ఒకరుండాలి."

ఆటో మెయిన్ రోడ్డెక్కి ట్రాఫిక్‌లో ఆగింది. స్వర్ణలత పిల్ల పాదాన్ని మళ్లీ నొక్కబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.