గుడ్డుజిగురు మీది చుక్కలు

నేను ఒక గాజు స్లైడ్‌ని. మూడంగుళాల పొడవు, అంగుళం వెడల్పు. ఇసుకను కరిగించి పలకలు పోసి, నన్ను ముక్కగా కోసి, మరో యాభై మందితో కలిపి అట్టపెట్టెలో కుక్కారు. అలా విశాఖలోని ఒక ఆసుపత్రి ల్యాబుకు చేరాను. మనుషులు నన్ను చూడరు, నాలోంచి చూస్తారు. అందుకే వాళ్లంటే నాకు కాస్త ఒళ్లు మంట.

నా మీద మొదట చెయ్యి వేసినవాడు టెక్నీషియన్ కొర్లయ్య. ముప్ఫయ్యేళ్ల అనుభవం. పరీక్షకు కోసిన కండముక్క గాజుకు అంటుకోవాలంటే జిగురు కావాలి కదా. పూత పూసిన స్లైడ్లు బజార్లో దొరుకుతున్నా ఆయన కంటికి ఆనవు. గురువుగారు నేర్పినట్టు కోడిగుడ్డు తెల్లసొనలో గ్లిజరిన్ కలిపి, కుళ్లకుండా ఒక పలుకు వాముపువ్వు వేసి సీసాకెత్తుతాడు. ఆ విడత వాముపువ్వు నిండుకుంది. "ఈ జిగురు నాల్రోజుల్లో అయిపోద్ది, ఏటౌతాదిలే" అనుకుని, అది లేకుండానే కానిచ్చేశాడు. ఆ జిగురే నా ఒంటికి పులిమి, దాని మీద గౌరునాయుడి మెదడు గడ్డలోంచి కోసిన పల్చటి పొర పరిచాడు.

గౌరునాయుడు లారీ డ్రైవరు. ఆపరేషన్ అయింది, గడ్డ క్యాన్సరని తేలింది. ఆ సోమవారం పదకొండింటికి కరెంటు మొదలుపెట్టాలి. రేడియేషన్‌ని ఇక్కడి జనం కరెంటు అంటారు.

ల్యాబు డాక్టరు వకుళకు చాన్నాళ్లుగా ఒకటే ధ్యాస. మెదడు గడ్డలకూ బాక్టీరియాకూ ఏమైనా సంబంధం ఉందా అని. కొన్ని గడ్డల్లో వాటి జాడలు కనిపించాయని ఎక్కడో చదివింది. ఆ ఉదయం రంగు వేసిన నన్ను మైక్రోస్కోపు కింద పెట్టింది. ఊదారంగు చుక్కలు, గుంపులు గుంపులుగా! "దొరికాయి!" అని కుర్చీలోంచి లేచింది.

ఓసి పిచ్చితల్లీ! అవి గడ్డలోవి కావే, నా ఒంటి మీదవి. ముక్క అంచు దాటించి చూడు, ఉత్త గాజు మీద కూడా ఉన్నాయి! అరిచాను. నోరులేని బతుకు, ఎవరికి వినిపిస్తుంది?

ఆ సంబరంలో ఆమె నోరు జారింది. గౌరునాయుడి భార్య నూకరత్నం రిపోర్టు కాపీ కోసం వస్తే, "గడ్డలో బాక్టీరియా కనిపిస్తోందమ్మా" అనేసింది.

నూకరత్నం మొహం వెలిగిపోయింది. "పురుగులేనా అమ్మా! అయితే బిళ్లలకే తగ్గిపోద్ది. మరి కరెంటెందుకు? ఇంటికి తీసుకుపోతాను."

"అలా కాదు, ఆగమ్మా" అనేలోపే ఆటో కోసం పరుగెత్తింది. అప్పటికి పది దాటింది.

కొర్లయ్య ఇదంతా విన్నాడు. ఆయన చేతిలో జిగురు సీసా ఉంది. మొహమంతా చెమటలు. చెబితే ముప్ఫయ్యేళ్ల పరువు గంగలో కలుస్తుంది. చెప్పకపోతే ఒక మనిషి వైద్యం మధ్యలో వదిలేసి పోతాడు. చెప్పవయ్యా మగడా, చెప్పు! నా ప్రాణం కొట్టుకులాడింది.

"అమ్మా, ఈ జిగుర్లో వాముపువ్వు ఎయ్యలేదు," అన్నాడు తలదించుకుని.

వకుళ మొహంలో కత్తివాటుకు నెత్తుటిచుక్క లేదు. అయినా తిట్టలేదు. కండముక్క లేని కొత్త స్లైడు మీద అదే జిగురు పూయించి, అదే రంగు వేయించింది. దానికి పది నిమిషాలు పట్టింది. కన్ను ఆనించి చూసింది. అవే చుక్కలు. అప్పుడు నన్ను మళ్లీ పెట్టి, ఎట్టకేలకు పక్కకు జరిపి చూసింది.

గేటు దాకా పరుగెత్తి, ఇంకా ఆటో దొరక్క నిలబడ్డ నూకరత్నాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "తప్పు నాదమ్మా. తొందరపడ్డాను. ఆ పురుగులు మా జిగురువి. ఒకవేళ గడ్డలో నిజంగా ఉన్నా, గడ్డ వాటివల్లే వచ్చిందని ఇంకా ఎవరూ తేల్చలేదు. కరెంటు ఆపకూడదు."

నూకరత్నం ఒక్కసారి నన్ను చూస్తానంది. మైక్రోస్కోపుకు ఒక కన్ను ఆనించి చాలాసేపు చూసింది. పురుగుల్ని ఒక మనిషి అంత ఆశగా చూడటం నేనెన్నడూ ఎరగను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఇయ్యే అయ్యుంటే ఎంత బాగుణ్ను," అంది. కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది. "టైమెంతయిందమ్మా? ఆయన్ని కరెంటుకి తీసుకెళ్లాల."

పదకొండుకు ఇంకా ఐదు నిమిషాలుంది.