మా కల్లంలో తీతువు

రెండో కోత మిరపకాయలు కల్లంలో పోసిన రోజు నుంచి తీతువు మా మీద అరవడం మొదలుపెట్టింది.

కల్లం మా ఇంటి వెనకే, గరుసు నేల మీద ఉంటుంది. కాయలు పరిచిన మేర పోగా పడమటి అంచున కాస్త ఖాళీ జాగా మిగిలింది. పిట్ట అక్కడే తిరిగేది. పొడుగాటి పసుపు కాళ్ళు, కంటి ముందు ఎర్రటి తోలు, మెడ కింద నలుపు. అటువైపు ఎవరు నాలుగడుగులు వేసినా లేచి, తల మీద చుట్లు కొడుతూ, ఊపిరి తీసుకోకుండా అరిచేది.

ఆ అరుపు వింటే అమ్మ చేతిలో పని ఆగిపోయేది. తీతువు అరిచిన ఇంట చెడు జరుగుతుందని మా వైపు చాలామంది అనుకుంటారు. మా ఇంట్లో ఒకసారి జరిగింది కూడా. నిరుడు మా వదిన హరిత ఐదో నెలతో నరసరావుపేట ఆసుపత్రికి బయలుదేరిన పొద్దున ఈ పిట్ట ఇట్లాగే అరిచింది. అదే సమయానికి మా మేనత్త హనుమాయమ్మ బోరు దగ్గర నుంచి వస్తూ వాళ్ళకు ఎదురుపడింది. ఆ బిడ్డ నిలవలేదు.

అత్త నాన్నకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. అమ్మ పొలంలో ఉంటే నన్నూ అన్నయ్య భరత్‌నూ ఆమే సాకింది. భర్త లేని ఆడమనిషి ఎదురొస్తే మంచిది కాదనే మాట ఆ రోజు మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. అయినా అత్తకు వినపడింది. అప్పటి నుంచి ఎవరు బయలుదేరుతున్నా, ఆటో చప్పుడు వినగానే కల్లంలోకి వెళ్ళిపోయేది. కాయలు నింపిన గోనె టిక్కీల వెనక కూర్చుని, రంగు పోయిన తాలు కాయలు ఏరేది. ఏరడానికి తాలు లేకపోతే మంచి కాయలనే ఇటు నుంచి అటు వేసేది.

ఇప్పుడు వదినకు మళ్ళీ ఆరో నెల.

"నిహారికా, పుట్టినాక నన్ను ఎత్తుకోనిస్తారంటావా?" అని అత్త ఒకరోజు కాయలు తిరగేస్తూ అడిగింది.

"ఎందుకియ్యరత్తా?"

"ఏమో. ముందు సల్లంగా పుట్టనీలే. దూరం నుంచి చూసినా చాలు నాకు."

ఆ మాట తర్వాత నాకు ఆమె వైపు చూడబుద్ధి కాలేదు.

పిట్ట గుడ్లు పెట్టి ఉంటుందని అమ్మ కనిపెట్టింది. "ఒరేయ్ భరత్, అవి యాడున్నయ్యో చూసి తీసి అవతల పెట్టు. పాపమైతే నాకు తగిలిద్దిలే" అంది.

అన్నయ్య ఎండలో తిరిగి తిరిగి వచ్చాడు. "కనపడితే గదమ్మా. అంతా రాళ్ళే. ఆ పిట్ట నా నెత్తి మీద పొడవలా, అంతే."

గుడ్లు ఎక్కడున్నాయో నాకు తెలుసు. కాయలకు కాపలా కూర్చున్నప్పుడు చూశాను. మనిషి రాగానే అది గుడ్ల మీద నుంచి ఎగరదు. తల వంచుకుని దూరంగా పరుగెత్తి, అక్కడ లేచి అరుస్తుంది. మనం ఆ లేచిన చోట వెతుకుతాం. కదలకుండా కూర్చుంటే కాసేపటికి అరుపు ఆపి, అటూ ఇటూ చూసి, నడుచుకుంటూ తిరిగొస్తుంది. నేల మీద చిన్న గుంట, చుట్టూ గులకరాళ్ళు, మట్టి రంగు మీద నల్ల మచ్చలున్న గుడ్లు. నేను ఎవరికీ చెప్పలేదు.

కానీ కాయలు ఇంకా వస్తున్నాయి. పడమటి అంచు కూడా ట్రాక్టర్‌తో చదును చేయించి మిగతా కాయలు అక్కడ పోద్దామని నాన్న అన్నం తింటూ అన్నాడు. "మంచిది, దాంతో పీడ పోద్ది" అంది అమ్మ.

మా ఇంట్లో ఇప్పుడు వదిన అడిగితే ఎవరూ కాదనరు. అందుకే మర్నాడు ఎండ ఎక్కాక ఆమెను పట్ట పందిరి కిందికి తీసుకొచ్చి కూర్చోబెట్టాను.

"ఎందుకే ఈడికి? ఆ పిట్టంటే నాకు వణుకు" అంది వదిన.

"అరవదు. కదలమాక."

పిట్ట గుడ్ల మీద నుంచి లేచి బోరు పైపు దగ్గరికి నడిచింది. అక్కడ కారిన నీళ్ళలో కూర్చుని పొట్ట ఈకలు తడుపుకుంది. లేచి, నీళ్ళు కారుతుండగానే తిరిగొచ్చి గుడ్ల మీద మెల్లగా దిగింది. ఎండకు నోరు తెరుచుకునే ఉంది.

"ఏం చేస్తందే అది?"

"గుడ్లు ఉడికిపోకుండా తడుపుతంది. పొద్దస్తమానం అదే పని."

అంతలో ఊరకుక్క ఒకటి కాయల పక్కగా వచ్చింది. పిట్ట పరుగెత్తి లేచి కుక్క నెత్తి మీద అరవసాగింది. వదిన చెవులు మూసుకుంది. కుక్క విసుగుపుట్టి వెళ్ళిపోయాక అరుపు ఆగింది. వదిన చేతులు దించింది.

"మనం దాన్ని చూసి భయపడతన్నాం. అది మనల్ని చూసి భయపడతంది, అంతే వదినా" అన్నాను.

"మరి నిరుడు?"

"నిరుడూ గుడ్లే ఉండుంటాయి" అన్నాను.

వదిన పిట్ట వైపు చూసింది. "దానివి నిలిచినయ్యో, పోయినయ్యో" అంది.

ఆ సాయంత్రం నాన్న ట్రాక్టర్ మాట ఎత్తగానే వదిన వంటింటి గడపలో నిలబడి చెప్పింది. "మామయ్యా, ఆ పడమటేపు వదిలెయ్యండి. అది అరిచినా నాకేం భయం లేదు."

"నీకు లేకపోతే నాకుందమ్మా" అంది అమ్మ.

నాన్న ఇద్దరినీ చూసి అమ్మతో అన్నాడు. "కాయలు ఉన్నకాడే మందంగా పోసుకుందాంలే సుబ్బలక్ష్మీ. ఇంకో రెండుసార్లు తిరగేస్తే ఆరిపోతయ్."

"నే తిరగేస్తాలేరా" అని పెరట్లో నుంచి అత్త గొంతు వినపడింది.

గుడ్లు పగిలి పిల్లలు వచ్చిన మర్నాడే వదినకు స్కానింగ్. వీధిలో ఎవరిదో లారీకి టిక్కీలు ఎత్తుతున్నారు, దారి లేదు. ఆటో నడిపే యల్లమంద చుట్టూ తిరిగి కల్లం వైపు నుంచి వచ్చి ఆపాడు. అన్నయ్య ముందే బండి మీద వెళ్ళి ఆసుపత్రిలో చీటీ రాయించి ఉన్నాడు. వదిన ఆటో వైపు నడిచిందో లేదో, తీతువు లేచింది. ఇన్నాళ్ళూ అరిచింది ఒక ఎత్తు, ఆ పొద్దున అరిచింది ఒక ఎత్తు. ఆటో టాపు మీదికే దూకుతోంది.

అమ్మ గ్లాసుతో నీళ్ళు పట్టుకొచ్చింది. "ఆగండి. లోపలికొచ్చి కూర్చుని, కాసిని నీళ్ళు తాగి పోదురు."

"పిన్నమ్మా, పిట్ట అరిచినప్పుడల్లా ఆటో ఆపితే, మేం పేట చేరేలోపు పిల్లోడు పుట్టి బళ్ళో కూడా చేరతాడు" అన్నాడు యల్లమంద.

"నువ్వు నోర్మూసుకోరా."

వదిన లోపలికి రాలేదు. నేల వైపు చూస్తోంది. తల్లి అరుపుకు పిల్లలు ఎక్కడివక్కడ నేలకు అతుక్కుపోయాయి. మెడలు చాచి, కళ్ళు మాత్రం తెరిచి, రాళ్ళలో రాళ్ళలా పడి ఉన్నాయి. వాటికి కాస్త అవతల, టిక్కీల వెనక, అత్త వంగి కూర్చుని ఉంది. ముఖం కనపడకుండా కొంగు కప్పుకుంది. వదిన పిల్లల్ని చూసింది, అత్తను చూసింది. తనంతట తనే పిల్లలకు దూరంగా చుట్టూ తిరిగి అత్త దగ్గరికి వెళ్ళింది.

"పెద్దమ్మా, లే."

"నువ్వు ముందు పో తల్లీ. నే ఎదురు రాను."

"ఎదురెందుకు? పక్కన కూర్చో. ఆటోలో బోలెడంత చోటుంది."

"నా చేతులు చూడు, అంతా కారం. నిన్ను పట్టుకోను గూడా పనికిరావు."

"నువ్వేంది పట్టుకునేది, నేనే పట్టుకుంటా" అని వదిన అత్త మోచేతి పైన పట్టుకుని లేపింది. అత్త లేవడానికీ కూర్చోవడానికీ మధ్యలో ఆగి అమ్మ వైపు చూసింది.

అందరం అమ్మ వైపే చూశాం. అమ్మ గ్లాసు పట్టుకుని నిలబడింది. నిరుటి పొద్దున ఆమె కళ్ళ ముందు ఉందని నాకు తెలుసు. పైన పిట్ట అరుస్తూనే ఉంది.

"సబ్బుతో కడుక్కుని పో వదినా" అంది అమ్మ చివరికి అత్తతో. "ఆ చేతుల్తోనే కళ్ళు తుడుచుకుంటన్నావ్, మండవూ?"

అత్త బోరు దగ్గర చేతులు కడుక్కుంది. ఒకసారి కడిగి, వాసన చూసుకుని, మళ్ళీ కడిగింది. ఆటో ఎక్కి అంచున ఒదిగి కూర్చుంది. వదిన ఆమెను లోపలికి జరగమంది. యల్లమంద ఆటో తిప్పాడు.

వాళ్ళు రోడ్డెక్కి కనుమరుగయ్యారు. తీతువు మాత్రం మా చుట్టూ తిరుగుతూనే ఉంది.

"పోయారు గదా, ఇంకా ఏందే దీని గోల?" అంది అమ్మ.

"మనం ఉన్నాం గదమ్మా."

అమ్మ పైకి చూసింది, కింద రాళ్ళ వైపు చూసింది. పిల్లలు ఆమెకు కనపడ్డాయో లేదో తెలియదు. గ్లాసులో నీళ్ళు తనే తాగేసింది.

"అయితే పద."

ఇద్దరం పందిరి నీడ దాకా వచ్చి నిలబడ్డాం. అరుపు తగ్గి, ఆగింది. ఒక రాయి లేచి నడిచింది. వెనకే ఇంకొకటి.

"కాయలు తిరగెయ్యాల గదే" అన్నాను నేను, అమ్మ రోజూ నాతో అనే మాటే అమ్మకు తిప్పి చెబుతున్నట్టు.

"ఉండవే, తల్లి దగ్గరికి పోనీ" అని అమ్మ నీడలో చతికిలబడింది.