మూడో పీపా మీది గుర్తు

నాన్న పోయి నెల తిరగకుండానే వైన్ కలిపే రోజు వచ్చిపడింది. మనిషి పోయాడని పీపాలు ఆగవు కదా. మూడు మళ్ల ద్రాక్ష, మూడు పీపాల ఎర్ర వైన్. ఆ మూడింటినీ పాళ్లు చూసి కలిపితేనే అది వాళ్లింటి సీసా. ముప్పై ఏళ్లుగా ఆ పని నాన్నదే. ఇప్పుడు గాజు కొలపాత్ర అక్క చేతికొచ్చింది.

ఆ ఇంట్లో నాన్న సుద్దముక్కతో పీపా మీద ఏం గీస్తే అదే శాసనం. నిలువు గీత ఉంటే కలపొచ్చు, సున్నా ఉంటే ఆగాలి, ఇంటూ ఉంటే దాని జోలికే పోకూడదు. మొదటి రెండు పీపాల మీదా నిలువు గీతలున్నాయి. గోడవార మడిలోంచి వచ్చిన మూడోదాని మీద మాత్రం వంకరటింకరగా ఇంటూ ఉంది.

అక్క మనసు చివుక్కుమంది. ఆ మడి అంటే నాన్నకు ప్రాణం. రుచి చూస్తే మూడింట్లో అదే మేటి. అది పడకపోతే మిగతా రెండూ ఉప్పు మరిచిన వంటే.

"నీరసంలో చెయ్యి తడబడి ఉంటుందిరా. ఆ గుడ్డ ఇటివ్వు, తుడిచేస్తాను. నాన్న ఆఖరి పంట, ఇది లేకుండా ఎలా కలుపుతాం?"

తమ్ముడు గుడ్డ ఇవ్వలేదు. ఆ గుర్తును వాడూ ఇవాళే చూస్తున్నాడు.

"తడబడలేదక్కా," అన్నాడు. "వానల్లో మూడు మళ్లకూ బూజు తెగులు పట్టింది. నాన్నేమో ఆసుపత్రిలో. తిరిగొచ్చి ఆ గోడవార మడిలో ఎండిపోయిన తీగలు చూస్తే తట్టుకోలేడనిపించింది. కొట్లో మందు కొనుక్కొచ్చి ఆ ఒక్క మడికే కొట్టేశాను. ఒక్కసారే."

ముప్పై ఏళ్లుగా ఆ నేల మీద మందు చుక్క పడలేదు. చుట్టుపక్కలవాళ్లు చాదస్తమని నవ్వినా, ఒక ఏడాది సగం పంట పోయినా, నాన్న పేడ ఎరువునీ తన చేతుల్నీ తప్ప దేన్నీ నమ్మలేదు. "మందు కొట్టని ద్రాక్ష" అని ప్రతి సీసా మీదా అచ్చు వేయించాడు.

కోపంతో లేచిన చెయ్యి, వాడి మొహం చూసి దిగిపోయింది. తప్పే, కాదనడానికి లేదు. కానీ నాన్న మీద ప్రేమతో చేసిన తప్పు. దానికి ఏమని తిట్టాలో ఆమెకు తెలియలేదు.

"నాన్నకు చెప్పావా?"

"లేదు. ఇంటికొచ్చిన రోజే ఆ మడిలో ఒక ఆకు తెంపి చాలాసేపు చూశాడు. మిగతా రెండు మళ్లలోనూ ఆకుల నిండా మచ్చలే, దాని మీద ఒక్కటీ లేదు. బాగుందిరా అన్నాడంతే." వాడు పీపా మీది ఇంటూ వైపు చూశాడు. "తెలిసి కూడా నన్ను ఒక్క మాటైనా అనలేదేంటక్కా?"

"నువ్వే చెప్తావని చూసుంటాడురా."

వాడు పీపాకు నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. అక్క ఊరుకోమనలేదు, తనకూ కన్నీళ్లు ఆగలేదు.

తేరుకున్నాక రెండు పీపాల వైన్‌నే కొలిచి కలిపారు. రుచి చూశారు. ఎంత చప్పబడిందో ఇద్దరికీ తెలిసింది.

వెళ్లే ముందు తమ్ముడు సుద్దముక్క అడిగి తీసుకున్నాడు. చెరిగిపోతున్న నాన్న గుర్తు మీదే, ఆ వంకర కూడా పోకుండా, మళ్లీ గట్టిగా గీశాడు.