ముందే పడిన పులుపు

గిన్నెలో కుతకుత... కుతకుత.

మూత సందులోంచి ఆవిరి. వంటింటి కిటికీ అద్దమంతా చెమట.

గరిటెతో నాలుగు పప్పు గింజలు తీసి నొక్కి చూశాను. రాయి.

ఇంకా ఉడకలేదు.

అక్క ఒంటిగంటకి వస్తానంది. మూడింటి బస్సుకి వెళ్ళిపోతానంది. ఫోన్లో అంతే — "అటువైపు పనుంది. భోంచేసి వెళ్తాను." మూడేళ్ళ తర్వాత తన నోటి నుంచి విన్న మొదటి మాటలవి.

అక్కని ఇంట్లో అందరం గడియారం అనేవాళ్ళం. ఒంటిగంటంటే ఒంటిగంటే. ముందు రాదు, ఆలస్యమూ చెయ్యదు.

పన్నెండైంది.

కిటికీ దగ్గరికి వెళ్ళాను. పొయ్యి దగ్గరికి వచ్చాను. మళ్ళీ కిటికీ. నా ఇంట్లో నేనే కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

మూడేళ్ళ కిందట, అమ్మ మంచం పక్కన, డాక్టరు ముందు, అందరి ముందు, అక్కని — "చుట్టపుచూపుగా వచ్చి పోయేదానివి, నీకేం తెలుసు?" అన్నాను. వారాల తరబడి నిద్ర లేక అన్నాను. అలిసిపోయి అన్నాను... ఏం చెప్పుకున్నా, అన్నాను.

అమ్మ పోయాక అక్క చుట్టపుచూపుగా కూడా రాలేదు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. ఆ సామెత అమ్మ నాకే ఎందుకు అన్నిసార్లు చెప్పిందో!

అందుకే ఈ కూర. పొట్టు తియ్యని మసూరు పప్పు, క్యారట్, గుమ్మడి, బంగాళాదుంప, దించేముందు గుప్పెడు పాలకూర. అక్క ఇప్పుడు మాంసం, పాలు, నెయ్యి — అన్నీ మానేసిందట. అక్క కూతురు చెప్పింది. ఈ కూరలో అవేవీ పడవు. ఇది అమ్మ కూర. కుక్కర్లో పెడితే జావైపోతుందని అమ్మ మందపాటి గిన్నెలోనే నిదానంగా ఉడికించేది. పప్పు మెత్తబడ్డాకే టమాటా. ముందే పులుపు తగిలితే పప్పు బిగుసుకుంటుంది, ఓ పట్టాన ఉడకదు. గౌన్లు తొడుక్కునే వయసు నుంచీ నాకు తెలిసిన సంగతే.

తెలిసీ, ఇవాళ కిటికీలోంచి బస్టాపు వైపు చూస్తూ చూస్తూ, తరిగిన టమాటాలన్నీ ముందే గుమ్మరించాను.

ఛ! నా మతి మండ!

మంట పెంచాను. వేణ్ణీళ్ళు పోశాను. అటు కలిపాను, ఇటు కలిపాను. గుమ్మడి ముక్కలు కరిగిపోతున్నాయి గానీ... పప్పు మాత్రం ససేమిరా అంటోంది.

పన్నెండూ పది.

తలుపు చప్పుడు.

అక్క!

ముందే వచ్చింది. గడియారం ముందే వచ్చింది.

జుట్టు సగం నెరిసింది. భుజాన సంచి. గుమ్మంలో నిలబడి నన్ను చూడలేదు, నా వెనక వంటింటి వైపు చూసింది. చెప్పులు విడిచి తిన్నగా పొయ్యి దగ్గరికి నడిచింది. మూత తీసింది. ఒక గింజ ఊదుకుని నోట్లో వేసుకుంది.

కటుక్కుమంది.

"టమాటాలు ముందే పడేశావా?"

తలూపాను.

"బాగానే ఉంది సంబడం. ఇది ఇప్పట్లో ఉడకదే."

"బయట నుంచి ఏమన్నా తెప్పించనా? నీ బస్సు..."

"తిని వెళ్తానన్నానుగా. తినకుండా ఎలా వెళ్తాను?"

స్టూలు లాక్కుని కూర్చుంది. సంచి మాత్రం ఒళ్ళోనే పెట్టుకుంది.

తప్పయిపోయింది అక్కా అనాలి. అంతే. మూడేళ్ళుగా అద్దం ముందు ఎన్నిసార్లో అనుకున్న మాట. ఇప్పుడు అనాలంటే భయం. ఆ మాట వినగానే లేచి వెళ్ళిపోతుందేమోనని భయం.

అక్క పొయ్యినే చూస్తోంది. నేను అక్కని చూస్తున్నాను.

పప్పు ఉడికిందంటే, తింటుంది. తిన్నదంటే, వెళ్తుంది.

చెయ్యి చాపి, మంట తగ్గించాను.

అక్క చూసింది. ఒళ్ళోని సంచి తీసి కింద పెట్టింది.

గిన్నెలో చప్పుడు సన్నబడింది. కుత...... కుత......